మరాగ్ ఇంటి పిల్లవాడు: సూపర్ క్యాట్ తొలి రోజులు



మన పత్రికలో రామభజన గురించి, అమ్మోరి పండుగ గురించి, మన పూర్వులు ఎక్కిన ఓడల గురించి వ్యాసాలు చదువుతూ ఉంటాము. ఈ సంచికకు నేను వ్రాస్తున్నది జమైకా దేశానికి చెందిన ఒక డాన్స్‌హాల్ పాటగాని తొలి రోజుల చరిత్ర. పెద్దలు కొందరు నొసలు చిట్లిస్తారని ఎరుగుదును. అవి మన పిల్లలు బస్సులలోనూ సముద్రపు ఒడ్డునా పెద్ద చప్పుడుతో వినే పాటలు. బడిలో చాలా ఏండ్లు వాటిని ఆపమని కసిరినవాడిని నేనే. కాని ఆ పాటగాని ఇంటిపేరు తెలిసిన తరువాత ఊరుకోలేకపోయాను.

అతని పేరు విలియం ఆంథొనీ మరాగ్. లోకం అతనిని సూపర్ క్యాట్ అంటుంది. 1963 జూన్ 25న కింగ్‌స్టన్ నగరంలో పుట్టాడు. తండ్రి భారతీయ సంతతివాడు, తల్లి ఆఫ్రికా సంతతి స్త్రీ. మరాగ్ అన్నది మహరాజ్ అనే మాటకు జమైకాలో వచ్చిన రూపం. రేవులో కూర్చున్న గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే అట్లా వ్రాసుకున్న పేర్లు మనకు క్రొత్తవి కావు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్న మనిషి ఇక్కడ సిమాద్రి అయ్యాడు. అప్పడు అని తల్లి పిలిచిన ముద్దుపేరు కాగితం మీదికెక్కి ఇంటిపేరై కూర్చున్నది. అట్లాగే ఒక మహరాజు అక్కడ మరాగ్ అయ్యాడు.

జమైకాకు మనవారు ఎట్లా వెళ్ళారో కొంచెం చెప్పాలి. 1838 ఆగస్టు 1న బానిసత్వం పూర్తిగా తొలగిన తరువాత అక్కడి చెరకు తోటల యజమానులకు చవకగా పనిచేసే మనుషులు కావలసి వచ్చారు. 1845 మే 10న బ్లండెల్ అనే ఓడ ఓల్డ్ హార్బర్ రేవులో మొదటి భారతీయ కూలీలను దింపింది. 1917 వరకు వెళ్ళినవారు మొత్తం సుమారు 36 వేల మంది. మన మారిషస్‌కు వచ్చినవారు నాలుగున్నర లక్షలు దాటారు. ఈ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు వాటంతట అవే తెలుస్తాయి. ఇక్కడ ఊరికి ఒక మందిరం, మందిరానికి ఒక భజన గోష్ఠి నిలిచాయి. అక్కడ 36 వేల మందీ దీవి అంతటా చెల్లాచెదరై, రెండు మూడు తరాలలో భాష పోగొట్టుకున్నారు. కూర, రొట్టె, హొసే పండుగ, కొన్ని మాటలు మిగిలాయి. ఆ మాటలలో ఒకటి గంజా. దానిని మనవారే తీసుకువెళ్ళారు. దాని గురించి గర్వపడాలో సిగ్గుపడాలో పాఠకులకే వదలివేస్తున్నాను.

తొలి సంవత్సరాలలో మద్రాసు రేవు నుంచి కూడా కొందరు జమైకాకు వెళ్ళారు. అయితే ఎక్కువమంది కలకత్తా మీదుగా వెళ్ళిన ఉత్తరాదివారు. మరాగ్ పేరు కూడా అటు వైపుదే. కనుక సూపర్ క్యాట్ తెలుగువాడని నేను చెప్పబోవటం లేదు. ఎవడు పైకి వచ్చినా వాడి ముత్తాత మన జిల్లావాడే అనే ఉత్సాహం మన సభలలో కొంచెం ఎక్కువ. అతడు తోట కూలీల వంశంవాడు. నాకు అంతే చాలు.

ఆ ఇంటిపేరుతో జమైకాలో మరొక వింత కూడా ఉంది. రాస్తఫారీ మతాన్ని మొదట బోధించినవారిలో లియొనార్డ్ హోవెల్ ఒకడు. అతడు భారతీయుడు కాడు, ఆఫ్రికా సంతతివాడు. అయినా తన పుస్తకాన్ని జి.జి. మరాగ్ అనే పేరుతో ప్రకటించుకున్నాడు. అంటే ఆ దీవిలో ఒక నల్లజాతి బోధకుడు గౌరవం కోసం మన పేరు పెట్టుకున్న కాలం ఒకటి ఉన్నదన్నమాట. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

సూపర్ క్యాట్ పెరిగిన చోటు కింగ్‌స్టన్ పడమటి భాగంలో ఉంది. ఆ రోజులలో దానిని కాక్‌బర్న్ పెన్ అనేవారు. తరువాత సీవ్‌రైట్ గార్డెన్స్ అయింది. పేరులో తోట ఉన్నదే కాని అది పేదల వాడ. అయితే పాటకు పేదరికం లేదు. యూ-రాయ్, ప్రిన్స్ జాజ్‌బో వంటి పెద్ద డీజేలు ఆ వాడవారే.

ఇక్కడ డీజే అనే మాటను విప్పి చెప్పాలి. మన దగ్గర డీజే అంటే పెండ్లిలో రికార్డులు వేసేవాడు. జమైకాలో రికార్డు వేసేవాడిని సెలెక్టర్ అంటారు. ఆ రికార్డు మీద మైకు పట్టుకొని మాటలు అల్లేవాడు డీజే. ఈ ఇద్దరూ పనిచేసేది సౌండ్ సిస్టమ్ మీద. నిలువెత్తు చెక్క పెట్టెలలో బిగించిన స్పీకర్లు, ఆంప్లిఫయరు, రికార్డు త్రిప్పే యంత్రం, ఒక మైకు - ఇవన్నీ లారీలో వేసుకొని వాడవాడకూ తిరిగే సంగీత దుకాణం అది. 1950ల నుంచి కింగ్‌స్టన్‌లో కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్ వంటివారు ఈ వ్యాపారం నడిపారు. పేదవాని ఇంట గ్రామఫోను లేదు. వాద్యగాళ్ళను పిలిపించి పాడించుకొనే స్తోమత లేదు. అందువల్ల గోడ కట్టిన ఖాళీ జాగాలో పెట్టెలు దింపి, గుమ్మం దగ్గర డబ్బు తీసుకొని, తెల్లవారేవరకు పాటలు వేసేవారు. అటువంటి జాగాను లాన్ అంటారు. డాన్స్‌హాల్ అనే పేరు ఈ జాగాల వల్లనే వచ్చింది. మొదట అది చోటు పేరు, తరువాత పాట పేరు.

1960ల చివరలో ఒక చిన్న మార్పు వచ్చింది. రికార్డుకు ఒక వైపు పాట, రెండవ వైపు గొంతు తీసివేసిన వాద్యం మాత్రమే ఉంచటం మొదలుపెట్టారు. ఆ రెండవ వైపును వెర్షన్ అన్నారు. ఖాళీగా ఉన్న ఆ వాద్యం మీద డీజే తన మాటలు పరచవచ్చు. 1970లో యూ-రాయ్ డ్యూక్ రీడ్ స్టూడియోలో ఇట్లా చేసిన రికార్డులు జమైకాలో మొదటి మూడు స్థానాలనూ ఒకేసారి ఆక్రమించాయి. అంతవరకు వీధిలో కూత అనుకున్నది పాట అయింది.

ఒకే వాద్యం మీద పదిమంది పది పాటలు కడతారు. దానికి అక్కడివారు పెట్టిన పేరు రిడిమ్. బయటివారు దీనిని చూసి దొంగతనం అంటారు. రామభజన తెలిసినవారు అట్లా అనరు. మా మందిరంలో భజన గురువుగారు క్రొత్త పాట నేర్పేటప్పుడు, "ఫలానా పాట వరసే, మాటలు మాత్రం మార్చండి" అనేవారు. మేము వెంటనే అందుకొనేవాళ్ళం. వరస ఎవరి సొత్తూ కాదు. మాట చెప్పినవాడిది. రిడిమ్‌కు తెలుగులో మాట వెదకనక్కరలేదు, వరస అంటే సరిపోతుంది. ఇంకొకటి: డీజే చెప్పిన మాట జనానికి నచ్చితే వారు అరుస్తారు, గోడలు చరుస్తారు, అప్పుడు సెలెక్టర్ ముల్లు ఎత్తి రికార్డును మొదటినుంచి మళ్ళీ వేస్తాడు. ఆంధ్రదేశంలో పద్యనాటకాలకు వన్స్ మోర్ అని అరిచేవారని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. ఆ మాట వినటమే తప్ప నేను చూడలేదు. జమైకా టేపు విన్న రోజున అది ఎట్లా ఉండి ఉంటుందో తెలిసింది.

సూపర్ క్యాట్ కథ సరిగ్గా 1970 ప్రాంతంలోనే మొదలవుతుంది. అతనికి ఏడేండ్లు. వాడలో బాంబూ లాన్ అనే జాగా ఉండేది. అక్కడ సోల్ ఇంపీరియల్ అనే సౌండ్ సిస్టమ్ వారికి చేదోడుగా తిరగటం మొదలుపెట్టాడు. ఇటువంటి పిల్లలకు మైకు ఇవ్వరు. పెట్టెలు దింపటంలో ఒక చేయి వేయటం, తీగలు చుట్టటం, పెద్దవాళ్ళు తెమ్మన్నది తేవటం - ఇదే ఆ వయసు పిల్లల పని. జీతం ఏమంటే, పెట్టె ప్రక్కన నిలబడి వినవచ్చు. డిలింజర్, ర్యాంకింగ్ ట్రెవర్ వంటి డీజేలు ఎట్లా ఊపిరి తీసుకుంటారో, ఎక్కడ ఆపుతారో, జనం చల్లబడితే ఏమి చేస్తారో ఆ పిల్లవాడు దగ్గరనుంచి చూశాడు. తరువాత కాలంలో ఎర్లీ బీ అనే డీజే అతనికి గురువు వంటివాడయ్యాడు.

మేమూ అట్లాగే నేర్చుకున్నాము. సాయంకాలపు తెలుగు తరగతి మందిరం వరండాలో జరిగేది. పలకలు తక్కువ, పిల్లలు ఎక్కువ. అక్షరాలకంటె ముందు తాళాలు తుడవటం, చాపలు పరచటం వచ్చాయి. భజనలో గొంతు కలపమని పిలుపు రావటానికి నాకు మూడేండ్లు పట్టింది. ఆ మూడేండ్లు వృథా పోయాయని అప్పుడు అనుకున్నాను.

మొదట అతనిని క్యాట్-ఎ-రాక్ అని పిలిచేవారు. తరువాత అతడే సూపర్ క్యాట్ అని మార్చుకున్నాడు. ఇంకొక బిరుదు వైల్డ్ అపాచీ. ఇది ఎర్లీ బీ పెట్టినది. అపాచీలు అమెరికా ఖండపు ఆదివాసులు. ఆ కాలంలో కింగ్‌స్టన్ సినిమా హాళ్ళలో కౌబాయ్ చిత్రాలకు గొప్ప గిరాకీ. డీజేలలో క్లింట్ ఈస్ట్‌వుడ్ అని ఒకడు, లోన్ రేంజర్ అని ఒకడు, జోసీ వేల్స్ అని ఒకడు ఉన్నారు. అందరూ తుపాకి పట్టిన తెల్లవాని పేర్లు పెట్టుకుంటే, ఈ మరాగ్ పిల్లవానికి మాత్రం ఇండియన్ పేరు పడింది. కొలంబస్ ఇండియాను వెదుకుతూ బయలుదేరి, తప్పు దేశం చేరి, అక్కడివారిని ఇండియన్లు అన్నాడు. 1494లో జమైకాలో కూడా దిగాడు. మూడు వందల యాభై ఏండ్లు తిరిగేసరికి నిజమైన ఇండియా మనుషులు అదే దీవికి కూలీలుగా చేరారు. వారి మనుమడికి ఆ తప్పుడు ఇండియన్ల పేరు వచ్చింది. ఎర్లీ బీ ఇదంతా ఆలోచించి పెట్టాడని నేను అనను. వీధిలో పేర్లు ఆలోచించి పెట్టరు.

1981లో, అతనికి పద్దెనిమిదేండ్ల వయసులో, మొదటి రికార్డు వచ్చింది. దాని పేరు మిస్టర్ వాకర్. చేయించినవాడు విన్‌స్టన్ రైలీ. రైలీ అప్పటికే పేరుగల నిర్మాత. అతడు చేయించిన డబుల్ బ్యారెల్ 1971లో ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్ళింది. 1973 నాటి అతని స్టాలగ్ అనే వరస మీద ఎన్ని పాటలు వచ్చాయో లెక్క పెట్టటం కష్టం. సిస్టర్ నాన్సీ 1982లో చెప్పిన బామ్ బామ్ కూడా దానిమీదదే. అటువంటివాని దగ్గర మొదటి రికార్డు చేయటం చిన్న సంగతి కాదు. కాని మిస్టర్ వాకర్ వల్ల అతని జీవితం మారిపోలేదు.

అది ఎటువంటి కాలమో కూడా చూడాలి. 1980 ఎన్నికల సంవత్సరంలో జమైకాలో రాజకీయ హింసకు ఎనిమిది వందల మందికి పైగా బలి అయ్యారు. చచ్చినవారూ చంపినవారూ ఎక్కువగా కింగ్‌స్టన్ పేద వాడలవారే. 1981 మే 11న బాబ్ మార్లీ మరణించాడు. లోకం రెగ్గే కథ ముగిసిందనుకున్నది. వాడలలో మాత్రం జనం మార్లీ పాటకంటె డీజే మాటకే ఎక్కువ పోతున్నారు. మార్లీ పాట లోకానికి అర్థమయ్యేటట్లు ఉంటుంది. డీజే మాట ప్రక్క వీధివారికి అర్థమైతే చాలు. అది పూర్తిగా పాత్వా భాషలో ఉంటుంది. పాత్వా అంటే మన క్రియోల్ వంటిది. బడిలో మాట్లాడితే దెబ్బలు పడే భాష. లూయీస్ బెనెట్ అనే కవయిత్రి ఎన్నో ఏండ్లు ఆ భాషలోనే కవిత్వం వ్రాసి, దానికి గౌరవం కోసం పోరాడింది. డీజేలు పోరాడలేదు. వారికి అది తప్ప వేరే భాషే లేదన్నట్లు మాట్లాడారు. గెలిచింది వారే అనిపిస్తుంది. బడి పంతులుగా ఈ మాట వ్రాయటం నాకు కొంచెం కష్టంగానే ఉంది.

మొదటి రికార్డుకూ పెద్ద విజయానికీ మధ్య ఉన్న నాలుగేండ్లే అసలు చదువు అని నా అభిప్రాయం. ఆ కాలంలో సూపర్ క్యాట్ కిలమంజారో అనే సౌండ్ సిస్టమ్ మీద ఎర్లీ బీతో కలిసి పనిచేశాడు. కింగ్‌స్టన్‌లో అది పెద్ద పేరుగల సిస్టమ్. ఒక రాత్రిలో మైకు ఐదారు చేతులు మారుతుంది. ముందువాడు చెప్పిన మాటను అందుకొని, దానికంటె మంచి మాట అదే వరస మీద, అప్పటికప్పుడు చెప్పాలి. తడబడితే జనం ఊరుకోరు. మన అవధానంలో పృచ్ఛకులు పద్యం అడిగినట్లు ఇక్కడ జనం అడుగుతారు. తేడా ఏమంటే అవధానిని సన్మానిస్తారు, డీజేను మరునాడు మరచిపోతారు. మరచిపోకుండా కాపాడినది కేసెట్టు. ఆ రాత్రులను టేపు చేసి అమ్మేవారు. జమైకావారు వలస పోయిన బ్రూక్లిన్‌కూ లండన్‌కూ ఆ టేపులు ప్రయాణం చేశాయి. రికార్డు లేకుండానే డీజేలకు అక్కడ పేరు వచ్చింది.

ఆ టేపులు వింటే సూపర్ క్యాట్ గొంతు ఎందుకు నిలిచిందో తెలుస్తుంది. వేగం చాలామందికి ఉంది. అతడు వేగంగా చెబుతూనే మాట చివరను కొంచెం సాగదీసి పాటగా మారుస్తాడు, వెంటనే మళ్ళీ మాటలోకి దిగుతాడు. పద్యం చదివేవాడు చివరి పాదంలో రాగం తీసినట్లు ఉంటుంది. అక్షరం మాత్రం ఎక్కడా మింగడు.

1985లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, ఫిబ్రవరి 23న కింగ్‌స్టన్‌లో జరిగిన ఒక పోటీలో కింగ్ జామీ అనే నిర్మాత స్లెంగ్ టెంగ్ అనే వరసను వినిపించాడు. అది వాద్యగాళ్ళు వాయించినది కాదు. చిన్న కాసియో కీబోర్డులో నుంచి తీసినది. ఆ రాత్రి తరువాత జమైకా సంగీతం యంత్రం వైపు తిరిగింది. మంచికో చెడ్డకో చెప్పలేను, నాకు తబలా, మృదంగం అంటేనే ఇష్టం. రెండవది, విన్‌స్టన్ రైలీ చేయించిన సూపర్ క్యాట్ మొదటి ఆల్బమ్ సీ బూప్స్ డే వచ్చింది. అందులోని బూప్స్ అనే పాటతో అతడు జమైకా అంతటా తెలిసిపోయాడు.

బూప్స్ అంటే ఎవరు? పడుచుపిల్లకు డబ్బు ఇచ్చి పోషించే వయసు మళ్ళినవాడు. అదుగో బూప్స్ అని వేలు పెట్టి చూపించే పాట అది. పాట వచ్చిన తరువాత ఎవరైనా పెద్దమనిషి పడుచుపిల్లకు శీతల పానీయం కొనిపెట్టినా వెనుకనుంచి ఆ మాట వినపడేదట. దానికి బదులు పాటలు, ఆ బదులుకు బదులు పాటలు వచ్చాయి. ఇది నవ్వులాట పాటే కాని, డబ్బు విలువ పడిపోయి, పని దొరకని ఊరిలో ఇంటి కూడు ఎక్కడినుంచి వస్తున్నదో అందరికీ తెలిసీ ఎవరూ చెప్పని సంగతిని అది నవ్వుతూ చెప్పింది. వరస మాత్రం పాతది. మార్షియా గ్రిఫిత్స్ 1968లో పాడిన ఫీల్ లైక్ జంపింగ్ వరసనే స్టీలీ, క్లీవీ అనే ఇద్దరు యంత్రపు తాళంతో క్రొత్తగా కట్టారు. తల్లులు ఆడిన వరస మీద కూతుళ్ళు ఆడారు. ఆ పాట తీరును 1987లో న్యూయార్క్‌లో బూగీ డౌన్ ప్రొడక్షన్స్ వారు తమ ర్యాప్ పాటలోకి తీసుకున్నారు.

అదే ఆల్బమ్‌లో క్రై ఫై డి యూత్ అనే పాట ఉంది. అది వాడలోని కుర్రవాళ్ళ కోసం ఏడ్చే పాట. నాకు బూప్స్ కంటె ఇదే ఇష్టం. మా తరగతిలో ఒకసారి వినిపించాను. పిల్లలు బూప్స్ అడిగారు.

ఒకటి దాచకుండా చెప్పాలి. డాన్స్‌హాల్‌లో నేను పిల్లలకు వినిపించలేని పాటలు చాలా ఉన్నాయి. తుపాకి గొప్పలు, ఆడవారిని చిన్నచూపు చూసే మాటలు కొల్లలు. సూపర్ క్యాట్ కూడా ఈ లోపానికి పూర్తిగా అతీతుడు కాడు. వాడ అట్లా ఉంటే పాట అట్లాగే ఉంటుందని కొందరు అంటారు. సగం ఒప్పుకుంటాను.

బూప్స్ తరువాత అతడు చేసిన పని నన్ను ఎక్కువ ఆకర్షించింది. జమైకాలో ఆ రోజులలో అలవాటు ఏమంటే, పాట చెప్పినవానికి స్టూడియోలో కొంత డబ్బు చేతిలో పెడతారు, అంతటితో సరి. రికార్డు వేలకు వేలు అమ్ముడైనా తిరిగి ఏమీ రాదు. దేశానికి తనదైన కాపీరైటు చట్టం 1993లో కాని రాలేదు. చెరకు కొట్టినవానికి చక్కెర ధర తెలియనట్లే, పాడినవానికి రికార్డు లెక్క తెలిసేది కాదు. సూపర్ క్యాట్ తన సొంత లేబుల్ పెట్టుకున్నాడు. దానికి వైల్డ్ అపాచీ ప్రొడక్షన్స్ అని పేరు. తన రికార్డులు తానే చేయించుకున్నాడు. గురువు ఎగతాళిగానో ముద్దుగానో పెట్టిన పేరు రికార్డు నడుమ కాగితం మీద యజమాని పేరై అచ్చయింది. 1988లో స్వీట్స్ ఫర్ మై స్వీట్ అనే ఆల్బమ్, 1990లో నికొడీమస్, జూనియర్ డీమస్ అనేవారితో కలిసి క్యాబిన్ స్టాబిన్ అనే ఆల్బమ్ వచ్చాయి. వాటి గురించి విస్తరించను.

ఇప్పుడు మరాగ్ పేరు దగ్గరకు మళ్ళీ వస్తాను. ఈ వ్యాసం వ్రాస్తున్నానని చెప్పినప్పుడు మిత్రులొకరు సంతోషించి, "అయితే మనవాడే!" అన్నారు. నేను అవునన్నాను. ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట నన్ను వేధించింది. అతని తల్లి ఎవరు? ఆఫ్రికా సంతతి స్త్రీ. అతడు నేర్చుకున్న విద్య ఎవరిది? యూ-రాయ్‌ది, డిలింజర్‌ది, ఎర్లీ బీది. భాష ఎవరిది? వారిదే. మనది అతని తండ్రి ఇంటిపేరు, ఆ పేరు వెనుక ఉన్న ఓడ. అతడు ఏనాడూ ఒక సగాన్ని దాచి రెండవ సగాన్ని చూపించలేదు. వాడలో వారు కూడా అతనిని విడదీసి చూడలేదు. మైకు దగ్గర తడబడతాడా లేదా అన్నదే చూశారు. ఆఫ్రికా సంతతి హోవెల్ మరాగ్ అని సంతకం చేసిన దీవి కదా అది.

మన ఇండ్లలో సంగతి వేరు. మా అమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడు. మంచి భజనపరుడు, గొంతు ఎత్తితే మందిరం మారుమ్రోగేది. అతడు ఒక క్రియోల్ అమ్మాయిని పెండ్లి చేసుకున్నాడు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. తరువాతి పండుగకు పిలుపు వెళ్ళలేదు, అంతే. మా తాతగారి కర్మనాడు పేర్లు చదివినప్పుడు అతని పేరు చదవలేదు. అప్పుడు నాకు పన్నెండేండ్లు. చదవవలసిన కాగితం నా చేతిలోనే ఉంది. పెద్దవాళ్ళు ఒక పేరు కొట్టివేసి ఇచ్చారు, నేను కొట్టివేసినది వదలి చదివాను. జమైకాలో ఎవరో ఒక మరాగ్ పైకి వస్తే మనవాడే అంటాము. ఇక్కడ నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న నా మేనమామ కొడుకును మనవాడు అనటానికి మాకు నలభై ఏండ్లు పట్టింది. తెలుగులో పాటకూ బంధుత్వానికీ ఒకటే మాట, వరస. అతడు నాకు వరసకు బావమరిది. ఆ వరస మేము పలకలేదు.

సూపర్ క్యాట్ తొలి అధ్యాయం 1992తో ముగిసిందని చెప్పవచ్చు. అప్పటికి న్యూయార్క్ చేరాడు. కొలంబియా అనే పెద్ద సంస్థ అతని డాన్ డాడా ఆల్బమ్‌ను ప్రకటించింది. పెద్ద అమెరికన్ సంస్థలు ప్రకటించిన తొలి డాన్స్‌హాల్ ఆల్బమ్‌లలో అది ఒకటి. 1993లో అతని డాలీ మై బేబీ పాటను మళ్ళీ చేసినప్పుడు, అప్పటికింకా పెద్దగా పేరు రాని ఒక బ్రూక్లిన్ కుర్రవానికి అందులో కొన్ని మాటలు చెప్పే అవకాశం ఇచ్చారు. ఆ కుర్రవాడు తరువాత నొటోరియస్ బి.ఐ.జి.గా ప్రసిద్ధికెక్కాడు, అతని తల్లి కూడా జమైకా నుంచి వెళ్ళినదే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరంలో స్టీవెన్ కపూర్ అనే పంజాబీ యువకుడు వైల్డ్ అపాచీ మీది అభిమానంతో అపాచీ ఇండియన్ అని పేరు పెట్టుకొని, 1990 నుంచి పాత్వాలోనూ పంజాబీలోనూ డాన్స్‌హాల్ పాటలు చెప్పాడు. అతడు 1996లో ఏ.ఆర్. రెహమాన్ సంగీతంలో లవ్ బర్డ్స్ అనే తమిళ చిత్రంలో కూడా పాడాడు. బాంబూ లాన్ నుంచి బయలుదేరిన వరస ఎట్లా తిరిగి తిరిగి మద్రాసు రేవు దాకా వచ్చిందో చూడండి.

ఈ వ్యాసం చిత్తుప్రతి పట్టుకొని పోయిన నెలలో మా బావమరిది ఇంటికి వెళ్ళాను. అతడు చెరకు మిల్లులో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాడు. తెలుగు చదవలేడు, కనుక క్రియోల్‌లో చెప్పుకుంటూ పోయాను. క్రై ఫై డి యూత్ వినిపించాను. రెండవసారి వేయమన్నాడు. గోడకు తగిలించిన రావాన్ దించి, దాని తోలును దీపం సెగకు కాస్త కాచి, తాళం పట్టుకున్నాడు. మూడవసారికి మా మామయ్య భజన పాట ఒకటి దానిమీద ఎత్తుకున్నాడు. అతనికి మాటల అర్థం తెలియదు, వరస మాత్రం చక్కగా కుదిరింది. రెండుచోట్ల మాట తప్పితే నేను అందించాను.